కొల్లేటి నీరుకట్టె

మా లంకలో పిల్లలకు అన్నిటికంటే ముందు పరిచయమయ్యే పాము నీరుకట్టె. నాగుపామును నాగులచవితినాడు పుట్టలో పాలు పోసేటప్పుడు తలుచుకునేవాళ్ళం. కట్లపాము పేరు చెప్పి పెద్దలు వానాకాలం రాత్రులు మమ్మల్ని నేలమీద పడుకోనిచ్చేవారు కాదు. నీరుకట్టె మాత్రం రేవులో ఉండేది, పంటబోదెలో ఉండేది, గుర్రపుడెక్క మీద ఎండ కాచుకుంటూ కనిపించేది. అమ్మ బిందె ముంచుతుంటే నాలుగు మూరల దూరంలో తల పైకెత్తి ఈదుకుంటూ పోయేది. అమ్మ చేయి ఆపేది కాదు, అది దారి మార్చుకునేది కాదు.

దీన్ని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కొల్లేరు అనగానే అందరూ గూడబాతుల గురించి, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే పక్షుల గురించి రాస్తారు. రాయవలసిందే. కానీ ఎక్కడికీ వలస పోకుండా, ఏడాది పొడుగునా మాతోపాటు ఆ నీళ్ళలోనే చేపలు పట్టుకుని బతికిన ఈ పామును పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నాకు తెలిసినంతవరకైనా చెప్పాలి.

కొల్లేరు చూడనివారి కోసం ఒక మాట. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు వచ్చి కలుస్తాయి. సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సరస్సు అంటే లోతైన నీళ్ళు అనుకుంటారు. మాది లోతు లేని సరస్సు. చాలాచోట్ల మనిషి నడిచిపోవచ్చు. వేసవిలో నీరు వెనక్కి తగ్గినకొద్దీ బురద, ఆ బురదలో గడ్డి, ఆ గడ్డిలో పశువులు. వానలు పడగానే మళ్ళీ అదంతా నీటి కింద. నేల ఎక్కడ ముగుస్తుందో నీరు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం ఎవరివల్లా అయ్యేది కాదు. నీరుకట్టె సంసారమంతా సరిగ్గా ఆ తేలని చోటనే.

మా తాతయ్య మావులు పెట్టేవారు. వెదురు బద్దలతో అల్లే బుట్టలవి. లోపలికి దూరిన చేప తిరిగి బయటికి రాలేదు. తెల్లవారకముందే తాటిదోనె మీద వెళ్ళి ఒక్కొక్కటే ఎత్తి చూసుకునేవారు. సెలవు రోజుల్లో నన్నూ దోనెలో కూర్చోబెట్టుకునేవారు. మావులో చేపలతోపాటు తరచూ నీరుకట్టె కూడా ఉండేది. చేపల కోసమే అదీ దూరేది. పాముకు మొప్పలు ఉండవు కదా, గాలి అందకపోతే చచ్చిపోతుంది. అందుకే తాతయ్య మావు పైభాగం కాస్త నీటిపైన ఉండేలా పాతేవారు. “రాత్రంతా అదీ నాలాగే కష్టపడింది, అబ్బాయ్. చేప పోతే పోయింది, దాని ప్రాణం ఎందుకు తీయాలి?” అనేవారు. ఆ మాటలో నటన లేదు. చచ్చిన పాము మావులో కనిపించిన రోజున ఆయన ముఖం చిన్నబోయేది.

నేను ఆ పామును మొదటిసారి దగ్గరగా చూసింది ఆయన చేతిలోనే. తల వెనక రెండు వేళ్ళతో పట్టుకుని, ఒంటిని ముంజేతి మీద వాలనిచ్చి నాకు చూపించారు. ఒళ్ళంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, కొంచెం బురదరంగు. దాని మీద నల్లటి మచ్చలు వరుసలు వరుసలుగా, ఒక వరుసలోని మచ్చ పక్క వరుసలోని ఖాళీకి ఎదురుగా వచ్చేలా, చదరంగం బల్ల మీది గళ్ళలా ఉన్నాయి. పొట్ట తెల్లగా ఉంది. చేత్తో నిమిరితే నున్నగా లేదు. ఒక్కొక్క పొలుసు మధ్యన సన్నటి గట్టు లేచి ఉంటుంది, అది వేలికి గరుకుగా తగులుతుంది. కన్ను పెద్దది, నల్లటి గుండ్రటి పాప. ముక్కుపుటాలు కాస్త పైకి తిరిగి ఉంటాయి, అందువల్ల తల పూర్తిగా ఎత్తకుండానే నీటిమట్టం మీదనుంచి గాలి పీల్చుకోగలదు. తాతయ్య నాకు ప్రత్యేకంగా చూపించింది కంటి దగ్గర ఉన్న రెండు నల్లటి గీతలను. ఒకటి కంటి కిందనుంచి పెదవి దాకా దిగుతుంది. రెండోది కంటి వెనకనుంచి నోటి మూల వైపు ఏటవాలుగా పోతుంది. “ఒళ్ళు ఏ రంగులో ఉన్నా ఈ గీతలు చూడు” అన్నారు. నిజమే, నీరుకట్టెల రంగు ఒక్కలా ఉండదు. కొన్నింటి మచ్చలు దట్టంగా ఉంటాయి, కొన్ని మచ్చల మధ్య ఎర్రటి జీర కనిపిస్తుంది, ముసలివాటిలో మచ్చలు మాసిపోతాయి. గీతలు మాత్రం తెలుస్తూనే ఉంటాయి.

ఆడపాము మగదానికంటే పెద్దది. మామూలుగా కనిపించేవి రెండు మూడు అడుగులుంటాయి. బాగా ఎదిగినది ఐదడుగులు దాటి, మీటరు ముప్పావు దాకా కూడా పెరుగుతుంది. మన నీటిపాముల్లో అది పెద్ద ఒడ్డూపొడుగే. ముంజేయంత లావున్న ఆడపాము ఒకటి మా రేవు పక్కన జమ్ములో చాలాకాలం ఉండేది. మా పెద్దమ్మ దాన్ని చూసినప్పుడల్లా “ఇంకా ఉన్నావా తల్లీ” అని పలకరించేది.

దాని వేట చూడడం నాకు అన్నిటికంటే ఇష్టం. వానాకాలంలో చేల నీరు తూముల గుండా బోదెలోకి దూకుతుంటే చిన్న చేపలు ఆ పారుదలకు ఎదురెక్కుతాయి. సరిగ్గా అక్కడ నీరుకట్టె కాపు కాసేది. ఒళ్ళంతా గడ్డిలో, తల ఒక్కటే నీటి అంచున. నాలుక వచ్చి పోతూ ఉండేది, ఇంకేమీ కదిలేది కాదు. గట్టు మీద బోర్లా పడుకుని నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఉన్నట్టుండి నీళ్ళు చెదిరేవి. మరుక్షణం నోట్లో అడ్డంగా చేప. ఆ పాముకు విషం లేదు, కొండచిలువలా చుట్టి బిగించే పద్ధతీ లేదు. ఉన్నదల్లా వెనక్కి వంగిన సన్నటి పళ్ళు, పట్టిన పట్టు వదలని ఓపిక. చేపను నీళ్ళలోనే మింగడానికి తొందరపడేది కాదు. గట్టుకు లాక్కొచ్చి, దవడలను ఒకదాని తరవాత ఒకటి జరుపుకుంటూ నడుము నుంచి తలవైపు చేరేది. తలనుంచి మింగితే రెక్కముళ్ళు వెనక్కి మడుచుకుంటాయి, గొంతులో గుచ్చుకోవు. గొరకనో జెల్లనో పట్టినప్పుడు ఆ పని ఎంత జాగ్రత్తగా చేసేదో! జెల్లముల్లు గుచ్చుకుని చచ్చిన పామును చూశానని తాతయ్య ఒకసారి చెప్పారు.

కప్పను పట్టినప్పుడు మాత్రం తల, కాళ్ళు అని చూసేది కాదు. ఏది దొరికితే అటునుంచే మింగేది. వానాకాలం రాత్రుల్లో బోదురు కప్పల అరుపుల మధ్య హఠాత్తుగా ఒక కప్ప గొంతు మారి సాగదీసి ఏడ్చినట్టు వినిపిస్తే, “నీరుకట్టెకు దొరికింది” అని మంచం మీదనుంచే చెప్పేవారు పెద్దవాళ్ళు. పగలూ వేటాడుతుంది, రాత్రీ వేటాడుతుంది. పిల్లపాములు తోకకప్పలనూ నీటిపురుగులనూ తింటాయి. పెద్దవి ఎలుక దొరికితే ఎలుకనూ వదలవు. వాటిని తినేవాళ్ళకూ కొదవ లేదు. కొంగలు, గద్దలు, ముంగిసలు, కొర్రమీనులు. కొర్రమీను పిల్లలను నీరుకట్టె తింటుంది, నీరుకట్టె పిల్లలను పెద్ద కొర్రమీను తింటుంది. కొల్లేట్లో ఎవరి కూడు ఎవరో అంత తేలిగ్గా తేలదు.

దాని కోపం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. విషం లేదు కాబట్టి సాధుజంతువు అనుకోకూడదు. నీళ్ళలో ఉన్నప్పుడు తప్పించుకుపోతుంది కానీ ఒడ్డు మీద దారి మూసుకుపోతే ఎదురు తిరుగుతుంది. ముందుభాగం పైకెత్తి మెడను వెడల్పు చేసి బుస కొడుతుంది. చూసేవారికి అచ్చం పడగలా ఉంటుంది. అప్పటికీ తప్పుకోకపోతే కరుస్తుంది, ఒకటికి రెండుసార్లు కరుస్తుంది. తాతయ్య చేతుల మీద ఆ పళ్ళ వరుసల గీరలు ఎప్పుడూ ఉండేవి. రక్తం బాగానే కారేది. కొల్లేటి నీళ్ళతో కడుక్కుని పని చూసుకునేవారు. ఆయనకు ఏ పామో చూడగానే తెలుసు కాబట్టి అది చెల్లింది. కరిచింది ఏ పామో రూఢిగా తెలియనివాళ్ళు మాత్రం నేరుగా ఆస్పత్రికే వెళ్ళాలి. అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

తోక పట్టుకుంటే ఇంకో విద్య చూపిస్తుంది. ఒళ్ళు గిరగిరా తిప్పి, తోక ముక్కను మన చేతిలో వదిలేసి పోతుంది. బల్లి తోక మళ్ళీ మొలుస్తుంది, దీనికి మొలవదు. మా బోదెలో మొండితోక నీరుకట్టెలు ఎన్నో ఉండేవి. ఏ కొంగ నోటినుంచో ఏ పిల్లవాడి చేతినుంచో బయటపడి బతికినవన్నమాట. పడగలాంటి ఆ మెడే దాని పాలిట శాపం కూడా అయింది. ఊరి కొత్తవాళ్ళకు అది తాచుపామే. కర్ర దెబ్బలకు పోయిన నీరుకట్టెల్లో ఎక్కువ భాగం మెడ వెడల్పు చేసినందుకే పోయి ఉంటాయి. తాచు మెడ చర్మం రెండు పక్కలా విచ్చుకుని గుండ్రటి పడగ అవుతుంది. నీరుకట్టె మెడ కాస్త చదునవుతుంది, అంతే. గళ్ళు చెదరవు, కంటి గీతలు ఎక్కడికీ పోవు.

వరికోతలు అయిపోయాక, ఎండలు ముదిరే కాలంలో గట్ల బొరియల్లో గుడ్లు పెట్టేది. ఒకసారి మా చేను గట్టు తెగగొడుతుంటే ఎలుక బొరియ పక్కన మట్టిపెళ్ళ విరిగి పడింది. లోపల తెల్లటి గుడ్లు కుప్పగా ఉన్నాయి, మెత్తటి తోలు పెంకు, ఒకదానికొకటి అంటుకున్నట్టు. వాటి చుట్టూ తల్లి. పార చప్పుడుకు పారిపోలేదు. మెడ విప్పి మావైపే చూస్తూ ఉండిపోయింది. సాధారణంగా 30 నుంచి 70 గుడ్ల దాకా పెడుతుంది, వంద వరకూ పెట్టడం కూడా ఉంది. గుడ్డు పొదిగే వేడి దాని ఒంట్లో లేదు కానీ కాపలా మాత్రం కాస్తుంది. తాతయ్య ఆ పెళ్ళను ఎత్తి జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, గట్టును రెండు బారల అవతల తెగగొట్టారు. నీళ్ళు చేలోకి రావడానికి ఇంకో పూట పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. తొలకరి తరవాత బోదె నిండా జానెడు కూడా లేని పిల్లలు కనిపించేవి. పుట్టగానే వాటి బతుకు వాటిదే. మచ్చలు, కంటి గీతలు, ఆఖరికి ఆ మెడ విప్పే పొగరు కూడా అప్పుడే వచ్చేసి ఉండేవి.

ఆ రోజుల్లోనే రాత్రిపూట పెట్రోమాక్స్ దీపాలతో కప్పలు పట్టేవాళ్ళు వచ్చేవారు. కప్పకాళ్ళు విదేశాలకు పోతాయని చెప్పుకునేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అంతకుముందు పాము చర్మాల వ్యాపారమూ అంతే. నీరుకట్టె తోలు కూడా సంచులకూ పర్సులకూ పోయింది. తరవాత వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ రక్షణ ఇచ్చింది. దీన్ని చంపడం, పట్టుకోవడం నేరం. మా వైపు ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికీ తక్కువే.

పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తుంటే పాట్రిక్ రస్సెల్ గురించి చదివాను. వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త. 1780లలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను తెప్పించుకుని పరీక్షించాడు. 1796లో రంగుల బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఏది విషపు పామో ఏది కాదో జనానికి తెలియాలన్నది ఆయన తపన. పాములకు మన తెలుగువాళ్ళు చెప్పిన పేర్లనే అందులో రాసుకున్నాడు. ఆ తరవాత మూడేళ్ళకు, 1799లో, ష్నైడర్ అనే జర్మన్ పండితుడు నీరుకట్టెకు శాస్త్రీయ నామం పెట్టాడు. చదివినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ దొరకు పాములు తెచ్చి ఇచ్చినవాళ్ళు, పేర్లు చెప్పినవాళ్ళు మా తాతయ్యలాంటివాళ్ళే కదా! వాళ్ళ పేర్లు ఏ పుటలోనూ లేవు.

ఇక కొల్లేరు ఏమైందో అందరికీ తెలుసు. చేపల చెరువులు వచ్చాయి. మొదట కొన్ని, తరవాత కనుచూపుమేర. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లను కొట్టేశారు. కొన్నిచోట్ల అవి మళ్ళీ లేచాయి. ఆ చెరువుల మీద బతికే కుటుంబాలు మా బంధువుల్లోనే బోలెడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ నీరుకట్టె వైపునుంచి చూసి ఒక్క మాట చెప్పాలి.

నీళ్ళు పోలేదు, చేపలూ పోలేదు. లెక్కకు చూస్తే చేపలు పెరిగాయి. పోయింది ఒడ్డు. పొక్లెయిన్‌తో తీసిన చెరువుకు గట్టు నిటారుగా ఉంటుంది. ఇటు నేల, అటు నిండా నీళ్ళు, మధ్యలో ఏమీ లేదు. జమ్ము లేదు, కిక్కిస లేదు, పాదం మునిగే నీరు లేదు. నీరుకట్టె లోతు నీళ్ళ వేటగాడు కాదు. గడ్డి అంచున, జానెడు మూరెడు నీటిలో, చిన్న చేపల మీదా కప్పల మీదా బతికే ప్రాణి. గుడ్లకు మెత్తటి గట్టు కావాలి, బొరియలు కావాలి. కిలో తూగే బొచ్చె చేప ఎంత ఉన్నా దాని నోటికి పనికిరాదు. “చెరువుల్లో చేపలన్నీ పాములే తినేస్తాయి” అని కర్ర ఎత్తేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అది తినేవి ఎక్కువగా చెరువులోకి ఎవరూ వదలకుండా వచ్చిన పరిగెలూ గొరకలూ కప్పలూ. చేపపిల్లల తొట్ల దగ్గర కాపలా ఉండడం వేరు, పెద్ద చెరువు గట్టు మీద కనిపించిన ప్రతి పామునూ కొట్టడం వేరు.

కర్ర కంటే ఇప్పుడు వల పెద్ద గండం. గట్ల చుట్టూ కట్టే నైలాన్ వల, వాడి పారేసిన పాత వల. తల దూరుతుంది, మెడ దగ్గర ఆగిపోతుంది. వెనక్కి లాగుదామంటే పొలుసులు దారాన్ని పట్టేస్తాయి. ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. ఎండలో పూట గడిస్తే ప్రాణం పోతుంది. మా మేనల్లుడికి చెరువు ఉంది. ఒకసారి వెళ్ళినప్పుడు పెద్ద ఆడపాము అలాగే చిక్కుకుని కనిపించింది. తలమీద తడిగుడ్డ వేసి, చిన్న కత్తెర మొనను దారానికీ చర్మానికీ మధ్య దూర్చి, ఒక్కొక్క వలకన్నూ కత్తిరించాం. దారం దిగినచోట పొలుసులు లేచిపోయి ఎర్రగా ఉంది. ఆఖరి దారం తెగగానే అది వాడి మణికట్టు మీద కరిచి నీళ్ళలోకి జారుకుంది. “విశ్వాసం లేదు మామయ్యా దీనికి” అన్నాడు రక్తం తుడుచుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. ఆ తరవాతి నెలలో పాత వలలన్నీ గట్టు మీదనుంచి తీయించాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నా ఫోను నిండా పాముల ఫొటోలే. “ఇది తాచేనా?”, “ఇంట్లోకి వచ్చింది, ఏం చేయాలి?” అని చుట్టాలు, వాళ్ళ స్నేహితులు. వచ్చిన ప్రతి ఫొటోలో నేను ముందు వెతికింది కన్ను. చాలావాటిలో ఆ రెండు గీతలు ఉన్నాయి. తలుపు తెరిచి పెట్టండి, దాని జోలికి పోకండి, నీళ్ళవైపు దానంతట అదే పోతుంది అని రాశాను. గీతలు కనిపించని ఫొటోలకు మాత్రం దూరంగా ఉండండి, పాములు పట్టేవాళ్ళను పిలవండి అని చెప్పాను. ఫొటో చూసి తేల్చలేనిదాన్ని తేల్చినట్టు చెప్పడం ప్రాణాలతో ఆట.

మా మేనల్లుడు ఈమధ్య ఇంకో పని చేశాడు. చెరువుకు ఒక మూల గట్టు జారి పల్లంగా అయితే దాన్ని పొక్లెయిన్‌తో సరిచేయించకుండా అలాగే వదిలేశాడు. జమ్ము దానంతట అదే వచ్చింది. కప్పలు వచ్చాయి. మొన్న ఫోను చేసి, “మామయ్యా, ఆ మూల బొరియలో నీరుకట్టె గుడ్లు పెట్టింది” అన్నాడు. ఎన్ని ఉన్నాయిరా అని అడిగాను. “లెక్కపెట్టనిస్తేగా! మెడ విప్పి పైనే కూర్చుంది” అన్నాడు.